పాత ఎయిర్‌కూల్డ్ బండికి ఏ ఇంజిన్ ఆయిల్ పోయాలి? ఎలా మార్చుకోవాలి?

“స్ప్లెండర్‌కి ఏ ఆయిల్ మంచిది?” “బుల్లెట్ బాగా వేడెక్కుతోంది, ఇంకా చిక్కటి ఆయిల్ పోయించమంటారా?” “కారుకి పోయగా అర లీటరు మిగిలింది, బండిలో పోసేయొచ్చా?” బండ్ల గురించి నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఈ మూడే. ప్రతిసారీ ఫోన్లో సగం చెప్పి సగం వదిలేస్తున్నాను. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ఇది రేడియేటర్ లేని, కార్బరేటర్ కాలం నాటి బండ్ల కోసం. హీరో హోండా స్ప్లెండర్, ప్యాషన్, సీడీ 100, పాత పల్సర్, క్యాస్ట్ ఐరన్ ఇంజిన్ బుల్లెట్, ఆర్‌ఎక్స్ 100 లాంటివి. వీటి సిలిండర్ చుట్టూ ఉన్న రెక్కలకు గాలి తగిలితేనే ఇంజిన్ చల్లబడుతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే ఆ గాలి ఉండదు. అప్పుడు లోపలి వేడిని మోసేది ఆయిలే. పైగా చాలా బండ్లలో గేర్లకూ, క్లచ్ ప్లేట్లకూ కూడా అదే ఆయిల్ వెళ్తుంది. స్ప్లెండర్‌లో లీటరు లోపు ఆయిలే ఈ పనులన్నీ చేస్తుంది. అందుకే ఏ కంపెనీ అన్నది తర్వాతి మాట. ముందు డబ్బా మీద రెండు గుర్తులు చూడాలి: చిక్కదనం చెప్పే అంకెలు, క్లచ్ సంగతి చెప్పే అక్షరాలు. ఆ రెండూ సరిపోతే మామూలు ధర ఆయిలే మీ బండికి చాలు.

కావాల్సినవి

బండితో వచ్చిన హ్యాండ్‌బుక్ (పోయి ఉంటే అదే మోడల్ ఉన్నవాళ్ల దగ్గర ఫొటో తీసుకోండి), సరైన ఆయిల్, డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్, ఆ బోల్టుకు బిగుతుగా పట్టే రింగ్ స్పానర్, పాత ఆయిల్ పట్టడానికి వెడల్పాటి బేసిన్, గరాటు, తెల్ల బనియన్ గుడ్డ, టార్చి. గుడ్డ తెల్లదే ఉండాలి. రంగు గుడ్డ మీద ఆయిల్ అసలు రంగు తెలియదు.

1. మీ బండిలో ఆయిల్ ఎన్నిచోట్ల ఉందో తెలుసుకోండి

స్ప్లెండర్, ప్యాషన్, పల్సర్‌లలో ఇంజిన్, గేర్లు, క్లచ్ అన్నిటికీ ఒకటే ఆయిల్.

పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్‌లో మూడుచోట్ల ఉంటుంది. ఇంజిన్‌కు వేరు, ఎడమవైపు క్లచ్, ప్రైమరీ చైన్ ఉండే కేసుకు వేరు, గేర్‌బాక్స్‌కు వేరు. ఇంజిన్‌లో మార్చి మిగతా రెండూ ఏళ్ల తరబడి వదిలేసిన బుల్లెట్లు చాలా చూశాను. తర్వాత వచ్చిన యూసీఈ ఇంజిన్ (ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే కేసులో ఉండేది) బుల్లెట్లలో మాత్రం మళ్లీ అన్నిటికీ ఒకటే.

ఆర్‌ఎక్స్ 100 టూ స్ట్రోక్ బండి. పెట్రోలుతో కలిసి కాలిపోయే 2టీ ఆయిల్‌కు వేరే ట్యాంకు ఉంటుంది. గేర్‌బాక్స్‌లో, క్లచ్‌తో కలిపి, వేరే ఆయిల్. 2టీ ట్యాంకులో 4టీ (ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ల ఆయిల్) పోస్తే అది సరిగ్గా కాలదు. ప్లగ్గు, సైలెన్సర్ మసిబారిపోతాయి. గేర్‌బాక్స్‌లో 2టీ పోస్తే గేర్లు అరిగిపోతాయి. గేర్‌బాక్స్‌కు క్లచ్ గుర్తున్న (అదేమిటో 3లో చెప్తాను) మామూలు 4టీ ఆయిల్ సరిపోతుంది. 2టీ ట్యాంకు మాత్రం ఎప్పుడూ ఎండనివ్వకండి. అది ఖాళీ అయితే పిస్టన్ పట్టేస్తుంది.

2. అంకెలు చూడండి: 10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50

డబ్ల్యూ పక్కన ఉన్న మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది. రెండోది ఇంజిన్ వేడెక్కాక, అంటే 100 డిగ్రీల దగ్గర, ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. లంబసింగి చలిలో కూడా 20డబ్ల్యూ ఆయిల్ గడ్డకట్టదు. కాబట్టి మన ఊళ్లలో రెండో అంకె గురించే ఎక్కువ ఆలోచించాలి. మే నెలలో రామగుండం, రెంటచింతలలో 45 డిగ్రీలు దాటే ఎండలో, ట్రాఫిక్‌లో నడిచే ఎయిర్‌కూల్డ్ ఇంజిన్‌కు అదే ముఖ్యం.

స్ప్లెండర్ ప్లస్‌కు కంపెనీ చెప్పింది 10డబ్ల్యూ-30. పల్సర్ 150కి 20డబ్ల్యూ-50. క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ ఇంజిన్‌కు కూడా 20డబ్ల్యూ-50. మీ మోడల్‌కు, మీ సంవత్సరానికి హ్యాండ్‌బుక్‌లో ఏముందో అక్కడి నుంచే మొదలుపెట్టండి.

హ్యాండ్‌బుక్ అంకె నుంచి ఎప్పుడు పక్కకు జరగొచ్చు? నా లెక్క ఇది. స్ప్లెండర్ లాంటి చిన్న ఇంజిన్ లక్ష కిలోమీటర్లు దాటి, ఆయిల్ కొంచెం తాగుతూ, ఎండాకాలంలో రోజంతా తిరుగుతుంటే 10డబ్ల్యూ-30 బదులు 10డబ్ల్యూ-40 గానీ 20డబ్ల్యూ-40 గానీ పోయొచ్చు. అంతవరకే. దానిలో 20డబ్ల్యూ-50 పోయకండి. బుల్లెట్‌కు పనికొచ్చిన చిక్కదనం స్ప్లెండర్‌కు భారం. పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే పైన హెడ్‌లో వాల్వులను నడిపే క్యామ్‌కు ఆయిల్ ఎక్కడం ఆలస్యమవుతుంది. ఇంజిన్ ఎక్కువగా అరిగేది అప్పుడే. పికప్, మైలేజ్ కూడా తగ్గుతాయి.

“చిక్కటి ఆయిల్ పోస్తే చప్పుడు తగ్గింది” అంటారు. తగ్గుతుంది, నిజమే. కానీ ఆ చప్పుడు ట్యాపెట్లదో (వాల్వుల దగ్గరి సందు సరిచేసే భాగాలు), టైమింగ్ చైన్‌దో అయితే లోపల అరుగుదల అలాగే సాగుతుంది. మీకు వినపడదు, అంతే. ముందు ట్యాపెట్లు సెట్ చేయించండి.

3. క్లచ్ గుర్తు చూడండి: జాసో ఎంఏ

మొత్తంలో దీన్ని మాత్రం వదలొద్దు. డబ్బా వెనక చిన్న గడిలో ఇంగ్లీషు అక్షరాల్లో జాసో అనీ, కింద ఎంఏ అనో ఎంఏ2 అనో ఉంటుంది. జపాన్‌వాళ్లు 1998లో మోటార్‌సైకిళ్ల కోసమే తెచ్చిన ప్రమాణం ఇది. ఎంఏ, ఎంఏ1, ఎంఏ2 మూడూ ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్‌కు పనికొస్తాయి. ఎంబీ పనికిరాదు. అది గేర్లు లేని స్కూటర్ల కోసం.

ఇక్కడే మన ఇళ్లలో ఎక్కువగా పొరపాటు జరుగుతుంది. ఇంట్లో ఒక స్ప్లెండర్, ఒక యాక్టివా ఉంటాయి. రెండింటికీ 10డబ్ల్యూ-30నే. అంకె ఒకటే కదా అని ఒకదాని ఆయిల్ ఇంకోదానిలో పోస్తారు. యాక్టివా ఆయిల్ ఎంబీ, స్ప్లెండర్‌కు కావాల్సింది ఎంఏ. స్కూటర్లో ఎంఏ పోస్తే పెద్దగా నష్టం లేదు, మైలేజ్ కాస్త తగ్గొచ్చు. స్ప్లెండర్‌లో ఎంబీ పోస్తే మాత్రం క్లచ్ జారే ప్రమాదం ఉంది.

కారు ఆయిల్ కథ కూడా ఇదే. కొత్త కార్ల పల్చటి ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. కారు క్లచ్ పొడిగా, ఇంజిన్ బయట ఉంటుంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. మన బండి క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. వాటికి రాపిడే కావాలి.

ఒకసారి మా బాబాయ్ కారుకు పోయగా మిగిలిన ఆయిల్‌ను నా స్ప్లెండర్‌లో పోశాను. వైజాగ్‌లో వారం రోజులు తిరిగినా తేడా తెలియలేదు. తర్వాత ఇద్దరం అరకు బయల్దేరాం. అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే మూడో గేర్‌లో ఇంజిన్ గోలపెడుతోంది, బండి మాత్రం ముందుకు పోవడం లేదు. వెనక కూర్చున్న మా తమ్ముడు దిగి నడవాల్సి వచ్చింది. పక్కన లోయ, వెనక బస్సు. అలాంటి చోట బండి లాగకపోతే ఎంత ప్రమాదమో ఆరోజు అర్థమైంది. అప్పటి నుంచి ఎంఏ గుర్తు కనిపించకుండా డబ్బా కొనలేదు.

ఇలా పొరపాటున పోసేసి ఉంటే టెన్షన్ పడకండి. దాన్ని పూర్తిగా దించి, తక్కువ ధరలో దొరికే ఎంఏ ఆయిల్ పోసి 200-300 కిలోమీటర్లు నడిపి, మళ్లీ మార్చండి. చాలాసార్లు ప్లేట్లు కోలుకుంటాయి. అప్పటికీ జారుతుంటే ప్లేట్లు మార్చాల్సిందే.

4. ఏపీఐ అక్షరాల గురించి

డబ్బా మీద ఆయిల్ నాణ్యత స్థాయి చెప్పే ఏపీఐ అక్షరాలు ఎస్‌జే, ఎస్‌ఎల్, ఎస్‌ఎన్ అని ఉంటాయి. ఎస్‌తో మొదలైతే పెట్రోల్ ఇంజిన్‌కు, సీతో మొదలైతే డీజిల్‌కు. హ్యాండ్‌బుక్ ఎస్‌జే అంటే ఎస్‌జే గానీ, ఎస్‌ఎల్ గానీ తీసుకోండి. కొత్త అక్షరం కోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. గుండ్రటి ఏపీఐ గుర్తు కింది భాగంలో ‘రిసోర్స్ కన్సర్వింగ్’ లేదా ‘ఎనర్జీ కన్సర్వింగ్’ అని ఉంటే అది కారు కోసం చేసింది, పక్కన పెట్టండి.

లారీలకు వాడే 15డబ్ల్యూ-40 డీజిల్ ఆయిల్‌ను బుల్లెట్‌లో పోసేవాళ్లు చాలామంది ఉన్నారు. క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ ఇంజిన్‌లో క్లచ్ ఉండదు కాబట్టి అక్కడ పెద్దగా తేడా రాదు. ఎండాకాలంలో మాత్రం నేను 20డబ్ల్యూ-50 వైపే ఉంటాను. స్ప్లెండర్‌లో అయితే డబ్బా మీద ఎంఏ అని రాసి ఉంటే తప్ప డీజిల్ ఆయిల్ వద్దు.

5. మినరలా, సింథటిక్కా?

మినరల్ అంటే ముడిచమురును శుద్ధి చేసి తీసిన మామూలు ఆయిల్, సింథటిక్ అంటే రసాయన పద్ధతుల్లో తయారుచేసిన ఖరీదైనది, సెమీ సింథటిక్ అంటే రెండూ కలిపినది. నా సలహా: పాత బండికి మంచి మినరల్ ఆయిల్ పోసి, తొందరగా మార్చండి. గేర్లు ఆయిల్‌ను నలిపేస్తాయి. 3,000 కిలోమీటర్లు దాటేసరికి 20డబ్ల్యూ-40 పోసినది కూడా పల్చబడుతుంది. దాంతోపాటు మసి, పెట్రోలు, అరిగిన లోహం అందులో చేరతాయి. ఖరీదైన సింథటిక్ పోసి 8,000 నడిపే కన్నా మినరల్ పోసి 3,000కు ఒకసారి మార్చడం పాత ఇంజిన్‌కు మేలు. బండి ఎక్కువ తిరగకపోయినా ఏడాదికి ఒకసారైనా మార్చండి.

రోజూ 80-100 కిలోమీటర్లు హైవే మీద తిరిగేవాళ్లకు సెమీ సింథటిక్ మంచి మధ్యేమార్గం. సింథటిక్ పోస్తే పాత ఇంజిన్ పాడైపోతుందన్నది నిజం కాదు. కాకపోతే సీళ్ల దగ్గర ఎండిన మడ్డి అడ్డుపడి ఆగిన లీకులు మళ్లీ బయటపడొచ్చు. అలాంటి బండిలో ఖరీదైన ఆయిల్ నేలపాలు చేయడం ఎందుకు?

6. కొనేటప్పుడు

లూజు ఆయిల్ కొనకండి. మూత సీలు, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు చూడండి. లేబుల్ మీద అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉన్నా, అందరూ అమ్మే ధర కన్నా మరీ తక్కువకు ఇస్తున్నా వద్దనండి. క్యూఆర్ కోడ్ ఉంటే ఫోన్‌తో చూడండి. మెకానిక్ దగ్గర మార్పిస్తే సీలు మీ కళ్ల ముందే తీయమనండి. ఖాళీ డబ్బాకు మేకుతో చిల్లు పెట్టి ఇవ్వండి. కల్తీ ఆయిల్ మళ్లీ నింపేది ఆ డబ్బాల్లోనే.

7. మార్చడం (స్ప్లెండర్ తరహా బండికి)

ఇంజిన్‌ను మూడు, నాలుగు నిమిషాలు నడపండి. ఆయిల్ గోరువెచ్చగా అయితే మడ్డితో సహా దిగుతుంది. అప్పుడే దూరం తిరిగి వచ్చిన బండైతే పావుగంట ఆగండి. సైలెన్సర్ బెండు, ఆయిల్ రెండూ చేతులు కాల్చేస్తాయి.

సమంగా ఉన్న నేల మీద మెయిన్ స్టాండ్ వేయండి. పైన ఆయిల్ మూత వదులు చేసి, కింద బేసిన్ పెట్టి డ్రెయిన్ బోల్టు విప్పండి. కారే ఆయిల్ సన్నటి చుక్కలుగా మారేదాకా ఉండనివ్వండి. పది నిమిషాలు పట్టినా తొందరపడొద్దు.

ఇప్పుడు ఆయిల్‌ను గమనించండి. ఒక చుక్కను బొటనవేలు, చూపుడువేలు మధ్య రుద్దండి. నల్లగా ఉండటం తప్పు కాదు, మురికిని పట్టుకోవడమే దాని పని. ఇసుకలా గరగరలాడినా, ఎండలో పెడితే మెరుపులు కనిపించినా లోపల ఏదో అరుగుతోంది. పెట్రోలు వాసన గట్టిగా వస్తే కార్బరేటర్ ఓవర్‌ఫ్లో అయి లోపలికి దిగుతోందేమో చూపించండి. పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు చేరాయి.

నీళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో బండ్లు మునిగాయి. మునిగిన బండిని ఎట్టి పరిస్థితుల్లోనూ కిక్ కొట్టకండి. ముందు ప్లగ్గు తీసి సిలిండర్‌లో నీళ్లు లేవని చూసుకోండి. పెట్రోలు, ఆయిల్ దించండి. ఎయిర్ ఫిల్టర్, కార్బరేటర్ శుభ్రం చేయించాక చవక ఎంఏ ఆయిల్ పోసి కొద్దిసేపు నడిపి మళ్లీ దించండి. తెలుపు పోయేదాకా ఇలాగే చేయండి.

బోల్టుకు కొత్త వాషర్ వేసి, చేత్తోనే మూడు, నాలుగు చుట్లు ఎక్కించి, స్పానర్‌తో గట్టిపడ్డాక ఇంకొంచెం మాత్రమే తిప్పండి. కేసింగ్ అల్యూమినియం. బలం చూపిస్తే మర పోతుంది. మర పోయిన కేసింగ్ ఖర్చుతో రెండేళ్ల ఆయిల్ వస్తుంది.

900 మిల్లీలీటర్ల డబ్బా ఒకేసారి వంచేయకండి. 800 పోసి, ఇంజిన్ రెండు నిమిషాలు నడిపి, ఆపి, మూడు నిమిషాలు ఆగి లెవెల్ చూడండి. తర్వాత మిగిలింది కొద్దికొద్దిగా.

స్ప్లెండర్‌కు పేపర్ ఫిల్టర్ ఉండదు. కుడివైపు కవర్ లోపల జాలీ, గిర్రున తిరుగుతూ మడ్డిని పక్కకు నెట్టే ఫిల్టర్ ఉంటాయి. నాలుగైదు ఆయిల్ మార్పులకు ఒకసారి కవర్ విప్పించి కడిగించండి.

బుల్లెట్‌వాళ్లు ఇది చదవండి

పాత బుల్లెట్‌ను నెల రోజులు ఆపితే ఆయిల్ ట్యాంకు భాగం నుంచి మెల్లగా క్రాంక్‌కేసులోకి (ఇంజిన్ అడుగు భాగంలోకి) దిగిపోతుంది. స్టిక్ తీసి చూస్తే ఆయిలే లేనట్టు కనిపిస్తుంది. కంగారుపడి అర లీటరు పోస్తారు. స్టార్ట్ చేయగానే దిగిన ఆయిల్ తిరిగి పైకి వచ్చి, ఎక్కువైంది బ్రీదర్ (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) నుంచి బయటికి కక్కేస్తుంది. “బుల్లెట్ అంటే ఆయిల్ కారడమే” అనే మాటలో కొంత భాగం ఇలా వచ్చిందే. స్టిక్‌కు కొంచెమైనా ఆయిల్ అంటుతుంటే స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు నడిపి, ఆపి, అప్పుడు లెవెల్ చూడండి. మార్చేటప్పుడు కింద ఉన్న డ్రెయిన్ ప్లగ్గులు రెండూ విప్పాలి. ఒకటే విప్పితే పాతది లోపలే మిగులుతుంది. ఫిల్టర్ కూడా మార్చండి. క్లచ్ ఉన్న ప్రైమరీ కేసులో ఎంఏ గుర్తున్న ఆయిల్‌నే లెవెల్ స్క్రూ దాకా పోయండి.

8. లెవెల్ చూసే పద్ధతి

స్ప్లెండర్‌లో ఆయిల్ మూతకే గేజ్ పుల్ల ఉంటుంది. దాన్ని తుడిచి, మర బిగించకుండా ఊరికే ఆనించి తీయాలి. బిగించి చూస్తే పుల్ల లోతుకు వెళ్లి, తక్కువ ఆయిల్ కూడా నిండుగా కనిపిస్తుంది. బండి నిటారుగా ఉండాలి, సైడ్ స్టాండ్ మీద చూసింది లెక్కలోకి రాదు. రెండు గీతల మధ్య, పై గీతకు దగ్గరగా ఉంటే చాలు. పై గీత దాటితే మంచిదనుకోకండి. ఆయిల్ నురగ కడుతుంది, ఎయిర్ ఫిల్టర్‌లోకి ఎక్కుతుంది, సీళ్లు లీకవుతాయి.

9. సరిగ్గా కుదిరిందా?

రాత్రి ఇంజిన్ కింద పాత పేపరు పరిచి పెట్టండి. పొద్దున చుక్క పడి ఉంటే బోల్టు, వాషర్ చూడండి.

100 కిలోమీటర్ల తర్వాత ఖాళీ రోడ్డు మీద టాప్ గేర్‌లో 40 వేగంతో వెళ్తూ ఒక్కసారి రేజ్ చేయండి. చప్పుడుతో పాటు వేగమూ పెరగాలి. చప్పుడే పెరిగితే క్లచ్ జారుతోంది. ఆయిల్‌ను తిట్టే ముందు లివర్ కొనదగ్గర 10-20 మిల్లీమీటర్ల ఆట ఉందో లేదో చూడండి. కేబుల్ మరీ బిగుతైనా ఇలాగే జారుతుంది.

గేర్లు పడే తీరు గమనించండి. ఆయిల్ మార్చిన రోజు వెన్నలా పడి, 2,500 కిలోమీటర్ల దగ్గర గట్టిగా, న్యూట్రల్ దొరకకుండా మారితే ఆయిల్ పని అయిపోయిందని అర్థం.

పాత బండికి ప్రతి 500 కిలోమీటర్లకు, పొద్దున బయల్దేరే ముందు లెవెల్ చూడటం అలవాటు చేసుకోండి. వెయ్యి కిలోమీటర్లకు 200 మిల్లీలీటర్ల కన్నా ఎక్కువ తగ్గుతుంటే సైలెన్సర్ వైపు చూడండి. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే నీలం పొగ వస్తే వాల్వ్ సీళ్లు, రేజ్ చేసినప్పుడల్లా వస్తే పిస్టన్ రింగులు గానీ సిలిండర్ బోరు గానీ అరిగినట్టు. దీనికి ఏ ఆయిల్ మార్చినా ఉపయోగం లేదు. లెవెల్ తగ్గకపోగా పెరుగుతుంటే పెట్రోలు దిగుతోంది. ఆ బండి నడపకండి.

ఇవి అడుగుతూనే ఉంటారు

ఆయిల్‌లో కలిపే సీసా మందులు పోయొచ్చా? వద్దు. రాపిడి తగ్గిస్తామని చెప్పే మందు క్లచ్‌ను కూడా వదలదు. డీజిల్, కిరోసిన్ పోసి ఇంజిన్ కడగొచ్చా? వద్దు, కొంత లోపలే మిగిలి కొత్త ఆయిల్‌ను పల్చన చేస్తుంది. అంతగా అనిపిస్తే మొదటి ఆయిల్‌ను 500 కిలోమీటర్లకే మార్చండి. దారిలో ఆయిల్ తగ్గితే వేరే కంపెనీది కలపొచ్చా? అంకె, ఎంఏ రెండూ కలిస్తే పోయండి. ఎండిన ఇంజిన్ నడపడం కన్నా అది వెయ్యి రెట్లు నయం.

దించిన ఆయిల్‌ను కాలువలో పోయకండి, చెట్టు మొదట్లో పోయకండి. చైన్‌కు కూడా పూయకండి, అందులో ఉన్న లోహపు పొడి చైన్‌ను అరగదీస్తుంది. పాత డబ్బాలో పోసి మూత పెట్టి, వాడిన ఆయిల్‌ను రీసైక్లింగ్‌కు పంపే సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి. చివరగా తెల్ల టేపు మీద తేదీ, కిలోమీటర్లు, పోసిన ఆయిల్ అంకె రాసి సీటు కింద అతికించండి. మూడు నెలల తర్వాత మెకానిక్ “పోయినసారి ఏం పోశారు?” అని అడిగితే సీటు ఎత్తి చూపిస్తే సరిపోతుంది.